పదివేల అడుగుల లెక్క



మనవాళ్లు కొందరు మోకాళ్లు నొప్పెట్టినా, ఫోనులో పదివేల అడుగులు పడేదాకా ఇంటిముఖం పట్టడం లేదు. ఆ అంకె ఏ వైద్యులూ ఇచ్చిన జి.ఓ. కాదండీ! 1965లో జపానులో అమ్మకానికొచ్చిన 'మాంపోకేయ్' అనే పరికరం పేరుకు అర్థమే 'పదివేల అడుగుల మీటరు'. 2019లో అమెరికాలో సగటున 72 ఏళ్ల స్త్రీల మీద జరిగిన పరిశోధనలో, రోజుకు 2,700 అడుగులు వేసేవారికన్నా 4,400 వేసేవారిలో మరణాలు తక్కువ. సుమారు 7,500 దాటాక అదనపు లాభం కనబడలేదు. పైగా బస్సు కుదుపును కూడా ఒక్కోసారి అడుగుగా రాసేసుకునే గుమాస్తా మన ఫోను!

డబ్బు పెట్టదలిస్తే, లెక్కపెట్టే వాచీ కన్నా ముందు మంచి బూట్లకు పెట్టండి. సాయంత్రంపూట కొనండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బుతాయి. షుగరున్నవారు తొడుక్కునే ముందు లోపల చెయ్యిపెట్టి చూసుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి గులకరాయి గుచ్చుకున్నా తెలియదు.