ఆప్‌బీతీ: మన ఇళ్ళలోని నోటి కథలు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతుల్ని. నా తెలుగులో ఉర్దూ తొంగిచూస్తే పెద్ద మనసుతో మన్నించండి. నాకిచ్చిన పది నిమిషాల్లో ఒక్క విషయమే మనవి చేస్తాను. తన బతుకులో జరిగినదాన్ని తానే నలుగురి ముందు నోటితో చెప్పడం గురించి.

ఉర్దూలో దీనికి చక్కని పేరుంది. లోకానికి జరిగింది 'జగ్‌బీతీ', తనకు జరిగింది 'ఆప్‌బీతీ'. పూర్వం దాస్తాన్‌గోలు అమీర్ హమ్జా సాహసాలను రాత్రుళ్ళ తరబడి చెప్పేవారు. ఢిల్లీలో మీర్ బాకర్ అలీ 1928లో కన్నుమూశాక ఆ విద్య మూగబోయింది. 2005లో మళ్ళీ వేదిక ఎక్కింది. సంతోషమే. కాని దానికి గొప్ప గొంతూ, ఏళ్ళ సాధనా కావాలి. ఆప్‌బీతీకి చూసిన కన్నూ, దాచుకోని మనసూ ఉంటే చాలు.

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచెత్తింది. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నారు. ఆ దుఃఖం ఆయన కవిత్వంలో నిలిచింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. వాళ్ళందరూ కవులు కారు గదా! 150 మందికీ 150 ఆప్‌బీతీలు ఉండి ఉంటాయి. మనదాకా ఎన్ని వచ్చాయి?

న్యూయార్కులో జార్జ్ డాస్ గ్రీన్ అనే రచయిత 1997లో 'ది మాత్' అనే సంస్థ పెట్టారు. మాత్ అంటే దీపం చుట్టూ మూగే పురుగు, మన 'పర్వానా'. ఆయన సొంత రాష్ట్రం జార్జియాలో రాత్రిపూట వసారాలో కథలు చెప్పుకుంటుంటే దీపానికి పురుగులు చేరేవట. ఆ పేరే పెట్టారు. కథ నిజంగా జరిగిందై ఉండాలి, చెప్పేవారిదే అయి ఉండాలి, కాగితం చూడకూడదు. వాళ్ళ పోటీ సభల్లో ఒక్కొక్కరికి 5 నిమిషాలే.

మా తరగతికి ఒకసారి ఒక పిల్లవాడి దాదాను పిలిచాను. జీవితమంతా దర్జీ పని చేసిన మనిషి. "నా దగ్గరేముంది మాస్టర్‌సాబ్, సూదీ దారమూ తప్ప" అన్నారు. "ఆ సంగతే చెప్పండి" అన్నాను. కుర్రతనంలో ఒక పెళ్ళికొడుకు షేర్వానీ గుడ్డను నాలుగు వేళ్ళు పొట్టిగా కత్తిరించేశారట. తెల్లారితే నికా. ఉస్తాద్ కొట్టలేదు. అంచుకు వేరే గుడ్డ జతచేసి, తెల్లవార్లూ పక్కనే కూర్చుని కుట్టించాడట. పెళ్ళివారు అదేదో కొత్త ఫ్యాషన్ అనుకున్నారట!

పిల్లలు ఒకటే నవ్వు. అప్పుడు, ఎన్నడూ నోరు విప్పని ఒక కుర్రాడు లేచి "ఉస్తాద్ ఏమన్నాడు దాదా?" అని అడిగాడు. ఆయన కాసేపు ఆగారు. "తప్పు నీది, కుట్టు మనది, అన్నాడు బేటా" అన్నారు. ఆ మాట ఇంట్లో ఎవరూ అడగలేదట, ఆయన చెప్పలేదట. ఎదురుగా కూర్చుని అడిగేవాడుంటేనే అలాంటి మాట బయటికొస్తుంది. ఆ దాదా ఇప్పుడు లేరు. ఆ మాట మాత్రం నలభై మంది పిల్లల దగ్గరుంది.

మన పిల్లల్లో చాలామంది ఉర్దూ చదవలేరు, కాని వింటే అర్థమవుతుంది. అందుకని నా మనవి: సంఘం నెలవారీ సమావేశంలో ఒక పెద్దమనిషికి పది నిమిషాలు ఇవ్వండి. జీవితమంతా వద్దు, ఒక్క సంఘటన చాలు. ఇంకో ఇంటి గుట్టు బయటపెట్టకూడదు. నీతి చెప్పి ముగించనక్కరలేదు, పిల్లలే వెతుక్కుంటారు. ఆడవాళ్ళనూ పిలవండి. బీడీలు చుట్టి బిడ్డల్ని చదివించిన తల్లి, దుబాయి ఉత్తరం కోసం ఏళ్ళు ఎదురుచూసిన ఇల్లాలు మన మధ్యనే ఉన్నారు. ఫోనులో రికార్డు చేసుకోండి, మంచిదే. కాని ముందు ఎదుట కూర్చుని వినండి, అడగండి.

కార్యవర్గం దీన్ని ఆలోచిస్తుందని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.