దేవకీదేవి మరువని ఆరుగురు



శ్రీకృష్ణ జన్మాష్టమినాడు ఉట్లు కొడతాము, ఇంటింటా చిన్ని పాదాల ముగ్గులు వేస్తాము. ఆ బాలునికి ముందు అదే తల్లి కడుపున పుట్టి, కంసుని చేతిలో అసువులు బాసిన ఆరుగురు శిశువులను తలచుకొనేవారు అరుదు. కన్నతల్లి మాత్రం వారిని మరువలేదు.

శ్రీమద్భాగవత దశమస్కంధంలోని వృత్తాంతమిది. కంసవధ జరిగి చాలా కాలమైంది. బలరామకృష్ణులు ద్వారకలో పుత్రపౌత్రులతో వర్ధిల్లుతున్నారు. మృతుడైన గురుపుత్రుని వారు తెచ్చి సాందీపనికి అప్పగించిన సంగతి విన్న దేవకి, కన్నీటితో కుమారులను సమీపించి, తన ఆరుగురు బిడ్డలను చూపుమని అర్థించింది.

సాక్షాత్తు పరమాత్మయే పుత్రుడై ఎదుట నిలిచినా, ఆ తల్లికి పోయిన బిడ్డల లోటు తీరలేదు. మరి “పోనీలే, మళ్ళీ పుడతారు” అన్న మాటతో సామాన్యురాలైన తల్లికి ఎట్లా తీరుతుంది?

అప్పుడు శ్రీకృష్ణుడు “ఇన్నేళ్ళయింది గదా, ఇంకా ఏడుపెందుకు?” అని మందలించలేదు. అన్నతో కూడి సుతలానికి వెళ్ళి, బలిచక్రవర్తిని అడిగి, ఆ శిశువులను తెచ్చి తల్లికి అప్పగించాడు. ఆమె వారిని ఒడిలోకి తీసుకొని, శిరస్సులు మూర్కొని, చన్నిచ్చింది. అనంతరం వారు దివ్యలోకానికి తరలిపోయారు. ఆమెకు దక్కినది ఆ కొద్ది సమయమే.

పోయిన బిడ్డను తెచ్చే శక్తి మనకు లేదు. ఆ తల్లి మాటను ఓపికగా వినే శక్తి మాత్రం అందరికీ ఉంది.

పసిబిడ్డ మరణిస్తే మన ఆచారంలో సాధారణంగా ఖననం చేస్తారు. పెద్దలకు జరిపే కర్మకాండ ఉండదు. కనుక పదవనాడని, పన్నెండవనాడని బంధువులు కూడరు. గర్భంలోనే ప్రాణం పోయిన శిశువుకు పేరైనా ఉండదు. కర్మ చిన్నదైనంత మాత్రాన శోకం చిన్నది కాదని మనం గ్రహించాలి.

పైగా నిందలు! గ్రహణం చూసిందని కొందరు, జాతకదోషమని కొందరు. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పు సమయంలో ఊపిరి అందకపోవడం, అంటురోగాలు, పుట్టుకతో వచ్చే లోపాలు – నవజాత శిశువుల మరణాలకు వైద్యులు చెప్పే ప్రధాన కారణాలివి. తల్లిని దోషిగా నిలబెట్టడం అధర్మం.

బిడ్డ పోయినా తల్లికి పాలు వస్తాయి. ఆ బాధను ఆమె నోరు విప్పి చెప్పుకోలేదు. ఇంటి పెద్దముత్తైదువలే అడిగి తెలుసుకొని వైద్యురాలి వద్దకు తీసుకొనిపోవాలి. తండ్రిని కూడా మరువరాదు. మాటకు కట్టుబడి తొలిబిడ్డను తన చేతులతో కంసుని ముందుంచిన వసుదేవుని హృదయం ఎంత తల్లడిల్లిందో ఊహించండి. “నీవు ధైర్యంగా ఉండి ఆమెను ఓదార్చు” అని ప్రతి తండ్రికీ చెబుతాము, అతనిని ఓదార్చేవారెవరు?

మనం చేయదగినవి కష్టమైనవేమీ కావు. వారి ఇంటికి అన్నం వండి తీసుకొని వెళ్ళండి. ఉపదేశం వద్దు, కాసేపు పక్కన కూర్చోండి. బిడ్డకు పేరు పెట్టి ఉంటే ఆ పేరుతోనే తలచుకోండి. ఏడాది తిరిగిన రోజున పలకరించండి. అమంగళమని భావించి ఆమెను సీమంతాలకు, బారసాలలకు పిలవడం మానకండి. వచ్చేదీ మానేదీ ఆమె ఇష్టానికి వదలండి. దర్శనం వరుసలో పక్కనున్న ఇల్లాలిని “పిల్లలెందరమ్మా?” అని అడిగే ముందు ఒక్క క్షణం ఆలోచించండి. ఆ లెక్క చెప్పడం కొందరికి ఎంతో కష్టం. బిడ్డ పేరిట అన్నదానం చేయదలచిన దంపతులను “పసికందుకు ఎందుకు?” అని వారించకండి.

మృతశిశు జననం జరిగినా, పుట్టిన వెంటనే బిడ్డ మరణించినా తన మహిళా ఉద్యోగులకు 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవును కేంద్రప్రభుత్వం 2022లో ప్రకటించింది. ఈ దుఃఖానికి సమయం కావాలని ప్రభుత్వమే గుర్తించినప్పుడు, కుటుంబం గుర్తించకపోతే ఎట్లా? నిద్రాహారాలు వారాల తరబడి లేకపోయినా, చనిపోవాలన్న ఆలోచన కలిగినా ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించాలి. కేంద్రప్రభుత్వ ‘టెలి మానస్’ 14416 సంఖ్యకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

దేవకి అడిగినప్పుడు భగవానుడు విన్నాడు. మన ఇంట, మన వీధిలో అట్టి తల్లిదండ్రులుంటే వారి మాట వినడం ఆ స్వామికి ప్రీతిపాత్రమైన సేవ.

స్వస్తి.