కంపెనీ ఫోను, కంపెనీ లెక్క



నేను పంటల సాగు శాస్త్రము బోధించువాడను. మీ ముందు నిలిచినప్పుడెల్ల ఏ విత్తనము వేయవలెను, ఎంత ఎరువు చల్లవలెను, ఎర్రనేలలో వేరుశనగకు తేమ ఎట్లు నిలుపవలెను అను విషయములే చెప్పుచుందును. నేడు మాత్రము విత్తనమును, ఎరువును ప్రక్కన పెట్టి, జేబులోని సెల్ ఫోనును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాను. సేద్యపు పాఠములు చెప్పువానికి ఫోను లెక్కలతో పని యేమి అని మీకు తోచవచ్చును. ఆ పని ఎట్లు పడినదో ముందు చెప్పెదను.

కర్నూలు జిల్లా పశ్చిమ భాగమున ఉల్లి పండించు రైతులు కూడి ఒక ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకొనిరి. ఆ ఊరి పేరు ఇక్కడ అవసరము లేదు. వారి సర్వసభ్య సమావేశమునకు నన్ను నారుమళ్లలో తెగుళ్లను గూర్చి మాటలాడుటకు పిలిచిరి. నా వంతు రాకముందు జమాఖర్చులు చదివిరి. అందులో "సెల్ ఫోను – రూ. 11,800" అని ఒక పద్దు వచ్చినది. వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "ఏమప్పా అధ్యక్షా, సెల్లు కొన్యామని రాసినారే, ఆ సెల్లు యాడుండాది?" అని అడిగినాడు. సభ నిశ్శబ్దమైనది.

ఫోను లేదు. కొన్న ముఖ్య కార్యనిర్వహణాధికారి వేసవిలోనే ఉద్యోగము మానుకొని పోయినాడు. ఫోను ఆయన వెంట పోయినది. బిల్లు ఆయన పేర ఉన్నది, సిమ్ కార్డును ఆయన పేరనే ఉన్నది. ఆయన దొంగ కాడు. అది తన ఫోనే అని ఆయన అనుకొన్నాడు. కాదని చూపుటకు కంపెనీ వద్ద ఒక్క కాగితమును లేదు. అంతకంటె పెద్ద నష్టము మరియొకటి జరిగినది. హైదరాబాదు, చెన్నై వర్తకులకు తెలిసినది ఆ ఒక్క నంబరే. ఉల్లి కోసి కుప్పలు పోసిన దినములలో వారు ఆ నంబరుకే పిలిచిరి. ఇక్కడ రైతులు పిలుపు కొరకు ఎదురు చూచుచు ఉండిపోయిరి. ఆ యేడు కొత్త వాటాలు కట్టుటకు సగము మంది వెనుదీసిరి. 11,800 రూపాయల వస్తువు ఒక కంపెనీని కదిలించినది.

అందువలన ఈ చిన్న విషయము చిన్నది కాదని గ్రహించితిని. లెక్కలు తెలిసిన వారిని అడిగి నేర్చుకొన్నంత మీకు చెప్పుచున్నాను.

మీరు ఎవరు, కంపెనీ ఎవరు?

మొదట ఒక భేదము తెలిసికొనవలెను. మీ పొలములో మీరు పండించిన పంటపై వచ్చు ఆదాయము వ్యవసాయ ఆదాయము. దానిపై కేంద్రప్రభుత్వపు ఆదాయపు పన్ను లేదు. కావున కేవలము సేద్యము చేయు రైతు తన ఫోనును ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకొనవలసిన అవసరము లేదు. అయినను సాగు ఖర్చులు వ్రాసికొనునప్పుడు కూలి, విత్తనము, డీజిలు వలెనే ఫోను ఖర్చును వ్రాసికొనుడు. క్వింటాలుకు ఎంత పడినదో అప్పుడే నిజముగ తెలియును.

కంపెనీ సంగతి వేరు. ఉత్పత్తిదారుల కంపెనీ అను పద్ధతి 2002లో కంపెనీల చట్టమునకు చేసిన సవరణతో మన దేశమున వచ్చినది. పదిమంది ఉత్పత్తిదారులు చేరిన దానిని స్థాపించవచ్చును. అయిదుగురికి తక్కువ కాకుండ, పదిహేనుగురికి మించకుండ డైరెక్టర్లుందురు. వాటాలు ఎన్ని ఉన్నను మనిషికి ఒక్కటే ఓటు. 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘముల పథకము క్రింద ఇట్టివి అనేకము వెలసినవి. ఆ పథకములో సభ్యుని వాటాకు తోడుగా 2,000 రూపాయల వరకు, సంఘమునకు 15 లక్షలకు మించకుండ, ప్రభుత్వము మూలధనము కలుపును. అనగా ఆ పెట్టెలోని సొమ్ములో మీ చెమట ఉన్నది, ప్రజల పన్ను ధనమును ఉన్నది.

సభ్యుల సరుకు కొని అమ్ముట, ఎరువులు తెచ్చి అమ్ముట వ్యాపారము. దాని లాభముపై పన్ను ఉన్నది. 100 కోట్ల లోపు వ్యాపారము గల ఉత్పత్తిదారుల కంపెనీలకు అర్హమైన లాభముపై 2018-19 మొదలు 2023-24 ఆర్థిక సంవత్సరము వరకు పూర్తి మినహాయింపు ఉండెను. ఆ గడువు తీరినది. "మనకు పన్నే లేదు గదా, బిల్లులెందుకు" అని ఆనాడు అలవాటు పడిన వారు ఇప్పుడు మేలుకొనవలెను. లాభములో ఇంచుమించు నాలుగవ వంతు పన్నుగా పోవును. న్యాయమైన ఖర్చును చూపక విడిచినచో, లేని లాభమునకు పన్ను కట్టినట్లగును. ఆదాయము లేకపోయినను కంపెనీ ప్రతి యేట పన్ను రిటర్ను దాఖలు చేయవలసినదే.

ఎద్దులు వేరు, మేత వేరు

వ్యాపారము కొరకే పూర్తిగా పెట్టిన ఖర్చును లాభములో నుండి తీసివేయవచ్చునని ఆదాయపు పన్ను చట్టము చెప్పును. 1961 నాటి చట్టములో ఈ సూత్రము ఉండెను. 2026 ఏప్రిల్ 1 నుండి అమలగునట్లు 2025లో చేసిన కొత్త చట్టములోను ఉన్నది. అయితే ఫోను కొన్న ధర వేరు, ప్రతి నెల రీచార్జి వేరు. దీనికి మన ఇంటిలోనే పోలిక ఉన్నది.

ఎద్దుల జతను కొనినప్పుడు ఆ ధర అంతయు ఆ యేటి పంట మీదనే వేయము. అవి పలు సంవత్సరములు మడక లాగును. ఏటేట వాటి విలువ కొంత తరుగును. మేత మాత్రము ఏ యేటిది ఆ యేటికే ఖర్చు. ఫోను ఎద్దుల జత వంటిది. రీచార్జి మేత వంటిది. కావున రీచార్జి మొత్తమును ఆ సంవత్సరపు ఖర్చులోనే వ్రాయవలెను. ఫోను ధరలో మాత్రము ఏటికి నూటికి 15 వంతున తరుగుదల వ్రాయవలెను. ఫోను చిన్న కంప్యూటరు వంటిదే గదా, కంప్యూటరుకిచ్చు పెద్ద తరుగుదల అడుగుదమని కొందరందురు. న్యాయస్థానము దానిని ఒప్పుకొనలేదు.

లెక్క వేసి చూతము. ఫోను ధర 10,000 రూపాయలు, జి.యస్.టి. నూటికి 18 వంతున 1,800; మొత్తము 11,800. కంపెనీ జి.యస్.టి.లో నమోదు కాలేదనుకొందము. మొదటి యేడు తరుగుదల 1,770 రూపాయలు. మిగిలిన విలువ 10,030. రెండవ యేడు దానిపై నూటికి 15, అనగా 1,504 రూపాయల 50 పైసలు. ఆర్థిక సంవత్సరములో 180 దినములకు తక్కువ వాడినచో మొదటి యేడు సగమే, అనగా 885 రూపాయలు వచ్చును. అక్టోబరు మొదటి వారము దాటిన పిదప కొన్న ఫోనుకు ఇట్లగును.

నెలకు 300 రూపాయల రీచార్జి అనుకొన్నచో ఏటికి 3,600. తరుగుదలతో కలిపి మొదటి యేడు 5,370 రూపాయల ఖర్చు. దీనివలన తగ్గు పన్ను 1,300, 1,400 రూపాయల మధ్య ఉండును. అంతే. కావున "పన్ను కలిసి వచ్చును, పెద్ద ఫోను కొందము" అని ఎవరైన చెప్పినచో నమ్మకుడు. నూరు రూపాయలు ఖర్చు చేసి పాతిక మిగిల్చుకొనుట లాభము కాదు. అవసరమైన ఫోను కొనుడు. కొన్న పిదప దాని లెక్కను విడువకుడు.

కంపెనీ జి.యస్.టి.లో నమోదైనదైనచో ఆ 1,800 రూపాయలను తాను కట్టవలసిన పన్నులో తగ్గించుకొనవచ్చును. అందుకు బిల్లు మీద కంపెనీ పేరు, జి.యస్.టి. నంబరు ఉండవలెను. ఒక మెలిక ఉన్నది. పచ్చి ఉల్లిగడ్డలకు, విత్తనములకు జి.యస్.టి. లేదు, ఎరువులకు, పురుగుమందులకు ఉన్నది. రెండు విధముల సరుకును అమ్ము కంపెనీకి పన్ను పడు అమ్మకముల భాగము మేరకే ఈ తగ్గింపు దక్కును. ఉల్లి మాత్రమే అమ్మువారికి ఏమియు దక్కదు. ఇట్లు వెనుకకు పొందిన పన్నుపై తిరిగి తరుగుదల వ్రాయరాదు. ఒకే గడ్డిని రెండు వాములుగా లెక్క వేయరాదు గదా.

నగదుతో కొనవద్దు

ఇది ముఖ్యముగ గుర్తుంచుకొనుడు. ఒక దినమున ఒక వ్యక్తికి లేక ఒక దుకాణమునకు 10,000 రూపాయలకు మించి నగదుగా చెల్లించినచో, ఆ ఖర్చును పన్ను లెక్కలో ఒప్పుకొనరు. ఫోను వంటి ఆస్తి అయినచో ఆ చెల్లింపు దాని ధరలో చేరదు, తరుగుదల రాదు. పైన చెప్పిన కంపెనీలో 11,800 రూపాయలను నోట్లుగానే ఇచ్చిరి. ఆడిటరు ఆ పద్దును కొట్టివేసినాడు. అదే సొమ్మును కంపెనీ బ్యాంకు ఖాతా నుండి ఖాతాదారుకే చెల్లునట్టి చెక్కుతో గాని, ఖాతా నుండి ఖాతాకు బదిలీగా గాని చెల్లించి ఉన్నచో చిక్కు లేకుండెడిది.

చేయవలసిన పనులు

ఒకటి: కొనుటకు ముందే డైరెక్టర్ల సమావేశములో తీర్మానము వ్రాయుడు. ఎవరి వాడుకకు, ఏ పనికి, ఎంత ధరలో అన్నది అందులో ఉండవలెను.

రెండు: బిల్లు కంపెనీ పేరనే తీసికొనుడు. దుకాణములో ఇచ్చు సన్న కాగితపు బిల్లు ఏడాదిలో వెలిసి తెల్లబడును. నకలు తీసి దాచుడు. కంపెనీ లెక్కల పుస్తకములను 8 సంవత్సరములు భద్రపరచవలెనని చట్టము.

మూడు: సిమ్ కనెక్షనును కంపెనీ పేర తీసికొనుడు. కంపెనీ పత్రములతో పాటు వాడువారి గుర్తింపు పత్రములను కూడ అడుగుదురు. కొంచెము శ్రమయే, అయినను మనుషులు మారినను నంబరు మారదు. నా అభిప్రాయములో ఫోను కంటె నంబరే విలువైన ఆస్తి.

నాలుగు: ఆస్తుల పుస్తకములో ఫోను గుర్తు సంఖ్యను, తీసికొన్నవారి సంతకమును వ్రాయుడు. ఉద్యోగము మానునాడు ఫోనును, సిమ్‌ను, అందులోని వర్తకుల నంబర్లను అప్పగించిన పిదపనే చివరి జీతము ఇయ్యవలెనని నియామక పత్రములోనే వ్రాయుడు.

అయిదు: ఒక సిబ్బంది తన సొంత ఫోనునే కంపెనీ పనికి వాడుచున్నచో, నెలకు ఇంత అని తీర్మానము చేసి, రీచార్జి రశీదులు తీసికొని చెల్లింపుడు. అధ్యక్షుని ఇంటిల్లిపాది రీచార్జీలను కంపెనీపై వేయుట మాత్రము తగదు. అన్నిచోట్ల బావే గాని వంగతోట దగ్గర కాదని మన పెద్దలు ఊరకనే అనలేదు.

సొంత దుకాణము గల రైతులకు

మీలో కొందరు సేద్యముతో పాటు ఎరువుల దుకాణమో, ట్రాక్టరు బాడుగయో నడుపుచుండవచ్చును. ఫోను ఇంటికి, వ్యాపారమునకు రెంటికిని వాడుదురు. పూర్తి లెక్కలు వ్రాయువారు వ్యాపారపు భాగమును మాత్రమే ఖర్చుగా చూపవలెను. సగము వాడినచో సగమే. అమ్మకములపై నూటికి 8, బ్యాంకు ద్వారా వచ్చిన దానిపై 6 లాభముగా అంచనా వేసి పన్ను కట్టు చిన్న వర్తకులకు, ఖర్చులన్నియు ఆ అంచనాలోనే తీరినట్లు భావింతురు. వారు ఫోనును మరల విడిగా చూపరాదు.

ఫోను వలన ఫలము

ఇంత లెక్క చెప్పినందున ఫోను భారమని తలచకుడు. రైతులు ఫోనులో ఉచితముగ సలహా పొందుటకు కిసాన్ కాల్ సెంటరు 2004 జనవరి 21న ప్రారంభమైనది. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ మార్కెట్టు ప్రారంభమైనది. కర్నూలు, ఆదోని యార్డులు అందులో చేరినవి. ఆదోనిలో ప్రత్తి ధర, కర్నూలులో ఉల్లి ధర, కడపలో పసుపు ధర బండి కట్టకముందే తెలియుచున్నవి. వర్షము నమ్మరాని మన సీమలో ధరయైనను ముందు తెలియుట కొంత ధైర్యము. ఆ ధైర్యము కంపెనీలోని ఒక్కరి జేబుతో పోరాదు.

ఆ ఉల్లి కంపెనీ వారు తరువాత తీర్మానము వ్రాసి, కంపెనీ పేర కొత్త నంబరు తీసికొని, ఆ నంబరును కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించిరి. అడిగిన పెద్దాయననే ఆస్తుల పుస్తకము చూచుటకు నియమించిరి. ఆయనకు చదువు కొంచెమే. ప్రశ్న మాత్రము సరియైనది.

నేను పన్నుల వకీలును కాను. మీ కంపెనీ ప్రత్యేక పరిస్థితిని మీ చార్టర్డ్ అకౌంటెంటుతో మాటలాడి నిశ్చయించుకొనుడు. ప్రతి ఉత్పత్తిదారుల కంపెనీకి చార్టర్డ్ అకౌంటెంటుచే అంతర్గత ఆడిటు ఉండవలెనని చట్టమే చెప్పుచున్నది. ఉగాదికి పంచాంగము విన్నట్లే, ఏటేట మీ కంపెనీ లెక్కను కూడ కూర్చుండి వినుడు. పద్దు చదివినప్పుడు సందేహము కలిగినచో లేచి అడుగుడు. అడిగిన సభ్యునిపై కోపగించు కంపెనీ నిలువదు. జవాబు చూపగల కంపెనీ పది కాలములు నిలుచును.

ఏరువాకకు ముందు మరల కలిసికొందము. అప్పుడు నా అసలు పాఠము, విత్తన శుద్ధిని గూర్చి చెప్పెదను. సెలవు.