ఐదంగుళాల ముక్క

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఊలు దుప్పట్ల పని గురించి నన్ను రెండు ముక్కలు చెప్పమన్నారు కార్యదర్శిగారు. ఒక్క ముక్క గురించే చెబుతాను.

మన ఆడవాళ్ళకు ఊలు అల్లడం పుట్టింటి నుంచి తెచ్చుకున్న విద్య కాదు. మన ఊళ్ళలో స్వెట్టరు అవసరం ఏముంటుంది చెప్పండి? అంబాలాలోనో, మీరట్‌లోనో ఫ్యామిలీ క్వార్టర్ల ముందు, చలికాలపు ఎండలో మంచాలు వేసుకుని పంజాబీ, గఢ్వాలీ అక్కల దగ్గర నేర్చుకున్నది. అందుకే మా ఇంట్లో ఇప్పటికీ కుట్టును ‘ఫందా’ అనే అంటారు. ‘సీధా, ఉల్టా’ అనే లెక్కపెడతారు.

2022 చలికాలంలో, ఇక్కడ ఢిల్లీ రైన్‌బసేరాల్లో తలదాచుకునే పిల్లలకు దుప్పట్లు ఇద్దామని మన సంఘంలో అనుకున్నాం. ఇంటికి కొన్ని ముక్కలు అల్లాలి. ముక్క ఆరంగుళాల చదరం. అడ్డంగా 8, నిలువుగా 10, మొత్తం 80 ముక్కలు కలిపి కుడితే 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు దుప్పటి వస్తుంది. ముక్కలు కొలిచి తీసుకునే పని నాకు అప్పగించారు. 28 ఏళ్ళు ఆర్డినెన్స్ స్టోర్లలో చేసినవాణ్ణి కదా! స్కేలు, రిజిస్టరు పట్టుకుని కూర్చున్నాను.

ఒక ఆదివారం మన నాయక్ ఒకరి భార్య వచ్చింది. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆమె ఇచ్చిన ముక్క ముదురు ఆకుపచ్చ రంగు. కొలిస్తే ఐదంగుళాలే. “సైజు సరిపోలేదమ్మా, రంగు కూడా మిగతావాటితో కలవడం లేదు” అని తిరిగి ఇచ్చేశాను. రిజిస్టరులో ‘రిజెక్ట్’ అని కూడా రాశాను. ఆమె “సరే అన్నయ్యా” అని ముక్క సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. తరవాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు.

సంగతి మా ఆవిడ కనుక్కుని వచ్చింది. అది ఆయన కోసం ఆమె అల్లిన స్వెట్టరు ఊలట. పెట్టెలో పురుగు కొట్టేసింది. విప్పి, ఉతికి, తెగకుండా మిగిలిన దారంతో అల్లింది. ఐదంగుళాలకే అయిపోయింది.

నేనేమీ మాట్లాడలేదు. మా ఆవిడే అంది: “ఏమండీ, కార్గిల్ నుంచి తెచ్చుకున్న టోపీ కొలిచే పెట్టుకున్నారా?”

నిజమే. 1999లో నేను కార్గిల్ సెక్టారులో ఉన్నప్పుడు దేశం నలుమూలల నుంచి మాకు పార్సెళ్ళు వచ్చేవి. నా వంతుకు ఒక ఊలు టోపీ వచ్చింది. ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు అల్లినట్టుంది. ఒక చెవి మూసేది, రెండోది సగమే మూసేది. మూడు చలికాలాలు అదే పెట్టుకున్నాను. పంపినవారి పేరు నాకు ఈనాటికీ తెలియదు.

మర్నాడు ఇద్దరం ఆమె ఇంటికి వెళ్ళాం. “తప్పు నాదేనమ్మా, ఆ ముక్క ఇప్పించు” అన్నాను. ఆమె కాసేపు లోపలే ఉండిపోయింది. తరవాత తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టింది. మా ఆవిడ అక్కడే కూర్చుని నాలుగు వైపులా అర అంగుళం చొప్పున తెల్ల ఊలుతో అంచు అల్లింది. ఆరంగుళాలు అయింది. ఇంత చిన్న ఉపాయం నాకెందుకు తోచలేదో! రిజిస్టరులో రాసినదాన్ని ఎర్ర ఇంకుతో కొట్టేసి సంతకం పెట్టాను. అది అచ్చమైన ఊలు కాబట్టి, చల్లటి నీళ్ళలోనే ఉతకాలని ఆ దుప్పటితోపాటు చీటీ కూడా ఇచ్చాం.

2016 జనవరి 31న చెన్నైలో ‘మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్’ బృందం స్త్రీలు 11,148.5 చదరపు మీటర్ల క్రోషే దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు సాధించారు. అదీ ఎవరింట్లో వారు అల్లిన ముక్కలతోనే. మనకు రికార్డులు అక్కర్లేదు. వచ్చే చలికాలానికి ఇంటికి ఒక్క ముక్క చాలు.

కొత్తవాళ్ళకు ఒక కిటుకు చెబుతాను. ఒక్కొక్కరి చేతి బిగువు ఒక్కోలా ఉంటుంది, అందుకే కొలత తప్పుతుంది. ఒక మూల నుంచి ఒక్క ఫందాతో మొదలుపెట్టండి. వరుసకొకటి పెంచుతూ అంతా సీధాగానే అల్లండి. పక్క అంచు ఆరంగుళాలు రాగానే వరుసకొకటి తగ్గించుకుంటూ రండి. చేయి ఎలాంటిదైనా చదరం కుదురుతుంది. చివర జానెడు దారం వదలండి, కలిపి కుట్టడానికి పనికొస్తుంది. మగవాళ్ళు కూడా పట్టండి. బటన్లు మనమే కుట్టుకున్నాం, సాక్సులు మనమే రఫూ చేసుకున్నాం. ఇది అంతకంటే కష్టం కాదు.

కొలత తప్పినా తీసుకురండి. స్కేలు ఇప్పుడూ నా దగ్గరే ఉంది. కానీ ఎంత తక్కువైందో చూసి, అంత అంచు వేయడానికే వాడుతున్నాను.

సెలవు. జై హింద్.