అద్దెగది అబ్బాయికి ఓటెక్కడ?



జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ అనగానే తారల మేడలు, స్టూడియోలు కళ్లముందు మెదులుతాయి. ఆ కొండ దిగితే కృష్ణానగర్, యూసఫ్‌గూడ ఇరుకు సందులున్నాయి. వేషం కోసమో, లైట్ల పని కోసమో, ఎడిటింగ్ నేర్చుకోవాలనో జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు ఒక్కో గదిలో నలుగురైదుగురు చేరి ఉంటారు. వాళ్లకు గది చూపించేది, అద్దె తీసుకునేది, నీళ్లు రాకపోతే మోటారు వేసేది చాలా ఇళ్లల్లో మన ఆడవాళ్లమే. అందుకే ఈ మాట మీతోనే చెప్పుకోవాలి.

యువతకోసం ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం సరికాదు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో కళాశాల విద్యార్థులకు జాతీయ సేవా పథకం వచ్చింది. పల్లె యువతకోసం 1972లో నెహ్రూ యువ కేంద్రాలు వచ్చాయి. జంటనగరాల నిరుద్యోగులకు శిక్షణ ఇచ్చి ఉపాధి చూపడానికి 1978లో సెట్విన్ ఏర్పడింది. 2023 అక్టోబరులో, 15 నుంచి 29 ఏళ్లవారికోసం ‘మై భారత్’ మొదలైంది. అంతెందుకు, చిన్న పరిశ్రమలు పెట్టుకునేవారికి తర్ఫీదునిచ్చే జాతీయ సంస్థ ఈ యూసఫ్‌గూడలోనే ఉంది.

ఇవన్నీ నేర్పేవి, పని చూపేవి. మరి పౌరుడిగా నిలబెట్టేదేమిటి? ఓటు. 1989 మార్చి నుంచి ఓటు వయసు 21 ఏళ్ల నుంచి 18కి తగ్గింది. వయసైతే తగ్గింది గాని, అద్దెగదిలో ఉన్న కుర్రవాడికి దూరం తగ్గలేదు. పేరేమో ఊళ్లో, మనిషేమో ఇక్కడ. పోలింగునాడు పని మానుకుని, బస్సు ఛార్జీ పెట్టుకుని ఎందరు వెళ్లగలరు? ఊళ్లో వేయలేడు, ఇక్కడ లేదు. వీధిలో మురుగు పొంగితే అతను ముక్కు మూసుకుని నడవాలి గాని, ఓట్లడిగేవాళ్లు అతని తలుపు తట్టరు.

2025 నవంబరు 11న జూబ్లీహిల్స్ ఉపఎన్నిక జరిగింది. పోలయిన ఓట్లు 48 శాతం పైచిలుకు. సగం మందైనా రాలేదు! అదీ జాబితాలో పేరున్నవాళ్ల లెక్క. పేరే లేనివాళ్లు ఈ లెక్కలోకే రారు.

ఇక్కడే మన పాత్ర వస్తుంది. “మన ఇంటి నంబరుమీద వాళ్ల పేరెక్కితే, రేపు ఇల్లు మాదే అంటారేమో” అని చాలామందికి భయం. ఓటరు జాబితా ఇంటి హక్కు పత్రం కాదండీ. మనిషి మామూలుగా ఎక్కడ నివసిస్తున్నాడన్నదే చట్టం చూసేది. ఫుట్‌పాత్‌మీద పడుకునేవాడు దరఖాస్తు పెట్టినా, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, అక్కడే ఉంటున్నాడని చూసుకుని పేరు రాయిస్తారు. అలాంటిది అద్దె కడుతున్న పిల్లవాడికి ఎందుకుండకూడదు?

కొత్తగా పేరు రాయించుకునేవారికి 6వ నంబరు ఫారం, ఊరు మారినవారికి 8వ నంబరు ఫారం. 18 ఏళ్లు నిండాయా లేదా అని చూడటానికి 2022 నుంచి ఏడాదికి నాలుగు తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తారీఖులు. 17 నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. సందేహాలకు 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు. కొత్తవాళ్ల దగ్గర చిరునామా కాగితం లేకపోతే అధికారి విచారణకు వస్తారు. అప్పుడు గుమ్మంలో ఉండేది మనమే కదూ! “అవునండీ, ఇక్కడే ఉంటున్నాడు” అని నిజం చెబితే చాలు. ఉండనివాళ్లను ఉన్నారని మాత్రం ఎవరు అడిగినా చెప్పకూడదు.

ఇంకొక సంగతి. పేరు చూసి పొరబడకండి. జూబ్లీహిల్స్ చిరునామా ఉన్న ఎన్నో ఇళ్లు ఖైరతాబాదు నియోజకవర్గంలో ఉన్నాయి. బోరబండ, రహమత్‌నగర్‌లేమో జూబ్లీహిల్స్ నియోజకవర్గంలో ఉన్నాయి. అందుకని మన ఓటు, మన పిల్లల ఓటు ఏ బూత్‌లో ఉందో ముందే చూసుకోవాలి.

రెండుచోట్ల ఓటు ఉండకూడదన్నదీ పిల్లలకు చెప్పాలి. ఇక్కడ రాయించుకుంటే ఊళ్లో సర్పంచి ఎన్నికలో ఓటు వదులుకోవాల్సిందే. నాలుగు నెలలకు తిరిగి వెళ్లిపోయేవాడికి ఊరి ఓటే మేలు. ఏళ్ల తరబడి ఇక్కడే ఉండేవాడికి, వసతిగృహాల్లో ఉంటూ డాన్సుకో దుస్తుల విభాగానికో వెళ్లే ఆడపిల్లకు, ఇక్కడి ఓటే అక్కరకొస్తుంది. తేల్చుకోవలసింది వాళ్లు. ఎవరికి వేయాలన్నది మనం చెప్పేది అసలే కాదు.

వేషం ఇప్పించడం మన చేతిలో లేదు. కాని ఈ నగరంలో నువ్వూ ఒక మనిషివేనని గుర్తింపు ఇప్పించడానికి మన నోటిమాట సాయపడుతుంది. ఈ నెల అద్దె తీసుకునేటప్పుడు ఒక్కమాట అడగండి: “బాబూ, నీ ఓటెక్కడుంది?” అని.