ఎదలోపలి రక్తస్రావము

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలో తెల్లవారకముందే మోకు భుజాన వేసికొని తాటివనమునకు బయలుదేరు గీతకార్మికుని ఎరుగనివారుండరు. వానకు తడిసిన తాటిమాను జారును. పట్టు తప్పి పడిన మనిషి ఒక్కొక్కప్పుడు తానే లేచి కూర్చుండును. ఒంటిపై గాయము కానరాదు. నెత్తురుచుక్క నేల రాలదు. గండము గడిచినదని ఇంటివారు ఊపిరి పీల్చుకొందురు. కొన్ని గంటలకే ఆయాసము మొదలగును, ముఖము పాలిపోవును. నెత్తురు కనబడనంతమాత్రమున నెత్తురు పోవుటలేదని తలపరాదు. మేము నేడు శ్రోతలకు మనవి చేయదలచినది ఈ ఒక్క సంగతియే.

మన ఊపిరితిత్తులకును పక్కటెముకల గూటికిని నడుమ రెండు పలుచని పొరలు కలవు. ఆ పొరల మధ్యనున్న సందులో కొద్దిపాటి తడి తప్ప మరేమియు ఉండదు. పక్కటెముక విరిగినపుడు దాని మొన ఊపిరితిత్తిని గాని, ఎముక క్రింది అంచు వెంట పోవు రక్తనాళమును గాని చీల్చవచ్చును. అప్పుడు నెత్తురు ఆ సందులో చేరి ఊపిరితిత్తిని నొక్కివేయును. దీనిని వైద్యులు హీమోథొరాక్స్ అందురు. పెద్దవారి శరీరమందలి రక్తము సుమారు 5 లీటర్లు. ఎదలో ఒక్క ప్రక్కనే 3 లీటర్లవరకు పట్టగలదు. ఇక ముప్పెంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

చెట్టుమీదనుండి పడుట ఒక్కటే దీనికి కారణము కాదు. రహదారి ప్రమాదములు, బొగ్గుగనిలో పైకప్పు పెళ్ళలు మీదపడుట, ఎద్దు కుమ్ముట, కత్తిపోటు కూడ కారణములే. దెబ్బ తగులకయే కాన్సరు వలనను, రక్తము గడ్డకట్టకుండ వాడు మందుల వలనను, అరుదుగా క్షయ వలనను ఇది కలుగవచ్చును.

గాలి పీల్చునపుడు ఒక ప్రక్క పోటు, ఆయాసము, చల్లని చెమట, వేగముగా కొట్టుకొను నాడి, కండ్లు తిరుగుట దీని గుర్తులు. కొందరికి ఇవి ఒకటి రెండు దినముల తరువాత బయటపడును. అట్టివారికి నూనె రాచి మర్దన చేయరాదు. రొమ్మును గుడ్డతో బిగించి కట్టరాదు. తినుటకు, త్రాగుటకు ఏమియు ఈయరాదు. కత్తి దిగియున్నచో దానిని పెరికివేయరాదు. ఎత్తునుండి పడినవారి మెడ, వెన్ను కదలకుండ చూచుచు వెంటనే 108 వాహనమును పిలువవలెను.

ఆసుపత్రిలో ఎక్స్‌రే వలనను, అల్ట్రాసౌండ్ పరీక్ష వలనను ఎదలో చేరిన నెత్తురు తెలియును. అప్పుడు చంక క్రిందుగా, పక్కటెముకల నడుమనుండి ఒక గొట్టమును లోనికి పంపుదురు. దాని రెండవ కొన సీసాలోని నీటిలో మునిగియుండును. నెత్తురు, గాలి బయటికి వచ్చునే గాని గాలి తిరిగి లోనికి పోజాలదు. జర్మను వైద్యుడు బ్యూలౌ 19వ శతాబ్దమున వాడిన ఈ ఉపాయమే నేటికిని ప్రాణములు నిలుపుచున్నది. పక్కలో రంధ్రము చేయుదురను భయముతో రోగిని ఇంటికి తీసికొనిపోవు బంధువులు కలరు. అది ప్రాణాపాయము. దెబ్బ తగిలినవారిలో పెక్కుమందికి ఈ గొట్టముతోనే నయమగును. కోల్పోయిన నెత్తురుకు మారుగా నెత్తురు ఎక్కింతురు. గొట్టము వేయగనే లీటరున్నరకు మించి వచ్చినను, ఆపై గంటకు 200 మిల్లీలీటర్ల చొప్పున కొన్ని గంటలు ఆగక వచ్చుచున్నను, శస్త్రచికిత్స చేసి స్రావమును ఆపవలసియుండును. లోన గడ్డకట్టి నిలిచిన నెత్తురును తీయనిచో చీము పట్టవచ్చును, ఊపిరితిత్తి బిగిసికొనిపోవచ్చును. నేడు చిన్న రంధ్రములద్వారా కెమెరా పంపి ఆ గడ్డలను తీయుచున్నారు. గొట్టము ఉన్నన్ని దినములు నొప్పికి వెరవక, వైద్యులు చెప్పినట్లు దీర్ఘముగా గాలి పీల్చుచుండవలెను.

పడిన తరువాత చేయు చికిత్సకంటె పడకుండుట మేలు. 2024లో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచము అను పేర గీతకార్మికులకు రక్షణ పరికరముల పంపిణీ ప్రారంభించినది. అవి ఇంటి దూలమునకు వ్రేలాడక నడుమునకు చేరిననాడే ప్రయోజనము. అట్లయ్యును ఎవరైన పడినచో, లేచి నడచుచున్నాడు గదా అని ఇంటివారు ఉపేక్షింపరాదు. ఊపిరి తీయుట కష్టముగా ఉన్నదా అని అడుగుడు. అవునన్నచో ఆ క్షణమే ఆసుపత్రికి చేర్పుడు.