ఆటలో మెడకు దెబ్బ తగిలితే

మన పిల్లలు కబడ్డీ, క్రికెట్ ఆడేవాళ్లు గనుక మెడ గురించి నాలుగు మాటలు చెబుతాను.

మెడలోని ఏడు ఎముకల్లో పై రెండింటిని అట్లాస్, యాక్సిస్ అంటారు. తల పక్కలకు తిరగడంలో దాదాపు సగం వీటి మధ్యే జరుగుతుంది. మెదడు వెనుక భాగానికి నెత్తురు తీసుకుపోయే నాళాలు కూడా మెడ ఎముకల రంధ్రాల గుండానే పైకి వెళ్తాయి. 2014 నవంబరులో సిడ్నీలో ఫిలిప్ హ్యూస్‌కు హెల్మెట్ కింద, మెడ మీద బంతి తగిలింది. అలాంటి నాళమే చీలి రెండు రోజులకు కన్నుమూశాడు.

1895లో అమెరికాలో డి.డి. పామర్ మొదలుపెట్టిన కైరోప్రాక్టిక్ అనే చేతివైద్యం ఉంది. అందులో కొందరు ఈ పై మెడనే సరిచేస్తామంటారు. కొన్ని మెడనొప్పులకు కొంత ఉపశమనం ఉంటే ఉండవచ్చు, కాదనను. తల అదిరిన దెబ్బను అది నయం చేస్తుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. పైగా మెడను ఒక్కసారిగా తిప్పితే, అరుదుగానైనా, ఆ నాళమే చీలి పక్షవాతం రావచ్చు. ఇక మన సెలూన్లో టక్కుమనిపించే సంగతి చెప్పాలా? లోపల ఏముందో ఆ చేతికెలా తెలుస్తుంది!

నడుస్తున్నాడు గదా అని ఊరుకోకండి. 1998లో ఢాకాలో తలకు బంతి తగిలిన రమణ్ లాంబా తన కాళ్ల మీదే బయటికి నడిచాడు, మూడు రోజులకు పోయాడు. పడ్డ పిల్లవాణ్ణి మన అమ్మలు గబుక్కున లేపి నీళ్లు పడతారు. మెడనొప్పి, తిమ్మిరి, వాంతులు, మాట తడబాటు, చూపు రెండుగా కనబడడం ఉంటే కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. ఆ రోజుకి ఆట బంద్. మర్దన, మెడ విరుపు డాక్టరుగారు చూసేదాకా వద్దు.